రెండో ముక్కలో ముఖం

“మేడమ్, మీరు లోపలికి రావడానికి వీల్లేదు.”

స్టూడియో గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడ్డాడు ఇన్‌స్పెక్టరు. చొక్కా మీద ఒక్క ముడత లేదు. ప్యాంటు గీతతో కూరగాయలు తరగొచ్చు. అతనికి ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టింది ఎవరో కాదు, ఎదురుగా నిలబడ్డ ఈ డిటెక్టివే. అప్పట్లో అతను ఆమె కింద ఎస్సై. డిపార్ట్‌మెంటు ఆమెకు పెట్టిన పేరు మొండిఘటం. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆమె తిరిగి ఇవ్వలేదు.

“ఇది నీ స్టేషనా?” అంది డిటెక్టివ్.

“క్రైమ్ సీను.”

“ఓనరు పెద్దకూతురు పిలిస్తే వచ్చాను. చోటు వాళ్లది, పిలుపు వాళ్లది. ఈ చెయ్యొక్కటే నీది. తీస్తావా, కింద నుంచి దూరమంటావా?”

లోపలున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇస్త్రీ చెయ్యి తీశాడుగానీ మొహం ముడతలు పడింది.

“కోర్టు మూసేలోపు ముద్దాయిని హాజరుపరచాలి. అంతదాకా చూసుకోండి. తర్వాత ఇక్కడ కనిపిస్తే విధులకు అడ్డం వచ్చారని మీ మీదే కేసు పెడతా.”

“పెట్టు. నా పేరు ఎలా రాయాలో తెలుసుగా?” అంటూ ఆమె లోపలికి నడిచింది.

కేసు చూడ్డానికి సూటిగానే ఉంది. మూడో అంతస్తులో ఉన్న ఈ ఎడిటింగ్ స్టూడియో ఒక కుటుంబానిది. ఓనర్ని అందరూ మాస్టారు అంటారు. పెద్దకూతురు ముందుగదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసుకుంటుంది. ఆమె భర్త, అంటే పెద్దల్లుడు, మెషీన్ల సంగతి చూస్తాడు. చిన్నకూతురు ఎడిటరు. ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు మీద వీళ్లు మూడున్నర గంటల డాక్యుమెంటరీ తయారుచేశారు. అది ఈ రోజు నాలుగింటికి ఛానల్లో రావాలి. నిన్న మధ్యాహ్నం మాస్టారి తల మీద ఎవరో బలంగా కొట్టారు. కెమెరా కార్డులు దాచే గదిలో నెత్తురు మడుగులో పడి ఉన్న ఆయన్ని ఆరు దాటాక పెద్దకూతురు చూసింది. దెబ్బ తగిలింది మూడు ప్రాంతంలో అని డాక్టర్లు చెప్పారు. ఆయనకి ఇంకా తెలివి రాలేదు.

ఆ గదిలోంచి ఒక్క కార్డు మాయమైంది. ఫ్యాక్టరీలో పనిచేసిన నర్సు, పేలుడుకి ముందే యాజమాన్యానికి హెచ్చరికలు వెళ్లాయని చెప్పిన ఇంటర్వ్యూ అది. రాత్రికి ఆ కార్డు చిన్నకూతురి సంచిలో దొరికింది. గది తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంది. పైగా దెబ్బకి ముందు తండ్రీకూతుళ్లు గొంతులు చించుకుని అరుచుకోవడం కింది అంతస్తు దాకా వినపడింది. ఇస్త్రీకి ఇంతకన్నా ఏం కావాలి? ఆమెని సీను చూపించడానికి తీసుకొచ్చాడు. ఇక్కణ్ణుంచి నేరుగా కోర్టు, అట్నుంచి జైలు.

చిన్నకూతురు ముందుగది బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన లేడీ కానిస్టేబులు. రాత్రంతా ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయిగానీ తల మాత్రం నిటారుగా ఉంది. డిటెక్టివ్‌కి అది నచ్చింది.

“నాన్నతో గొడవెందుకు?”

“రెండరు గురించి.”

ఇస్త్రీ పకాలున నవ్వాడు. “విన్నారా? ‘నా ప్రాణం పోయినా ఒప్పుకోను’ అని ఆయన అరిస్తే అందరూ విన్నారు. దానికి ఈమె చెప్పే కారణం ఇది.”

“నువ్వు నవ్వడం అయ్యాక చెప్తుంది,” అంది డిటెక్టివ్. “చెప్పమ్మా. నాకు ఫోన్లో బొమ్మ తియ్యడమే సరిగ్గా రాదు. అర్థమయ్యేలా చెప్పు.”

“ఎడిటింగ్ అయిపోయాక బొమ్మ, రంగు, మాట, సంగీతం అన్నీ కలిపి మెషీన్ ఒక్క ఫైలుగా తయారుచేస్తుంది. అదే రెండరు. మూడున్నర గంటల సినిమా, పెద్ద సైజు బొమ్మ, మాదేమో పాత మెషీను. మొదట్నుంచి చివరిదాకా ఒక్క ఊపులో పెడితే నాలుగున్నర గంటలు పడుతుంది. అందుకని నేనో పద్ధతి పెట్టాను. సినిమాని అరగంట చొప్పున ఏడు ముక్కలు చేశాను. ఏ ముక్క పని అయిపోతే అది అప్పుడే రెండరు చేసి పక్కన పెడతా. ఆఖర్న ఏడింటినీ ఉన్నవున్నట్టుగా అతికించడమే. మళ్లీ రెండరు చేసే పని లేదు. అరగంటలో ఫైలు చేతిలో ఉంటుంది.”

“మరి ఒక ముక్కలో మార్పు వస్తే?”

“ఆ ఒక్క ముక్కే మళ్లీ రెండరు చెయ్యాలి. మార్చినవాళ్లే పాత ముక్క చెరిపేసి కొత్తది పెట్టాలి. అది ఇక్కడ రూలు.”

“నాన్నకి నచ్చలేదా?”

“ఆయన ఆ కాలంలో చేత్తో ఫిల్మ్ అతికించిన మనిషి. ‘అతుకుల బొంత నాకొద్దు, ఎక్కడో ఒక పాత ముక్క అంటుకుపోతే మన పరువేంగాను’ అంటారు. నిన్న పొద్దున నర్సు ఫోన్ చేసింది. భయంగా ఉంది, నా ముఖం కనపడకుండా చెయ్యండి అని. నాన్నే కూర్చుని ఆమె ముఖానికి మాస్క్ వేశారు, మసకగా, ఎవరో తెలియకుండా. నేను పక్కనే ఉన్నా. అయ్యాక రెండో ముక్క మళ్లీ చేసి అతికిస్తానన్నా. కుదరదన్నారు. సినిమా మొత్తం ఒక్క ఊపులో చెయ్యమని బావకి చెప్పారు. ప్రాణం పోయినా అతికించడానికి ఒప్పుకోనన్నారు. నాకు ఒళ్లు మండి మేడ మీదికెళ్లి కూర్చున్నా. సాయంత్రం దాకా దిగలేదు.” అరచేత్తో కళ్లు తుడుచుకుంది. “నాన్నని కొట్టేంత కోపం కాదు మేడమ్. అన్నం మానేసేంత కోపం, అంతే.”

“నీ సంచి ఎక్కడుంది అప్పుడు?”

“ఎడిటింగ్ గదిలో, మెషీన్ పక్కన. తాళంచెవి అందులోనే.”

డిటెక్టివ్ తలూపి లేచింది. పెద్దల్లుడు అప్పటికే ఎడిటింగ్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చక్కగా గడ్డం గీసుకుని, మామగారికి ఇలా జరిగిన బాధ మొహం మీద కొలిచి పెట్టుకున్నట్టున్నాడు. అతని తల పైన, తలుపు చట్రానికి ఒక ఎర్ర బల్బు ఉంది.

“అది వెలిగితే లోపల రెండరు నడుస్తోందని లెక్క,” అన్నాడు ఇస్త్రీ, అడక్కుండానే. “ఎవరూ తలుపు తియ్యరు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా వెలుగుతూనే ఉంది. చెప్పింది ఎవరో కాదు, మిమ్మల్ని పిలిచిన పెద్దకూతురే. మెషీన్ మీద మా నిపుణుణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాల సినిమా రెండరు చేయించా. ఆ లెక్కన మొత్తానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఆరింటికి ఫైలు ఛానల్‌కి చేరింది. అంటే అల్లుడు ఒంటిగంటకి మొదలుపెట్టి తీరాలి. మధ్యలో కదలడానికి లేదు, ఆ మెషీన్ ఏదో ఒక ప్రశ్న వేసి ఆగిపోతూంటుందిట, ఎవరో ఒకరు ‘సరే’ అని నొక్కాలి. ఇంక చెప్పండి.”

డిటెక్టివ్ గోడ మీదున్న స్విచ్ నొక్కింది. బల్బు వెలిగింది. మళ్లీ నొక్కింది. ఆరిపోయింది.

“లోపల మెషీన్ ఆపేసి ఉంది కదూ?” అంది.

ఇస్త్రీ లోపలికి తొంగి చూశాడు. స్క్రీను నల్లగా ఉంది.

“బల్బు వెలగడానికి రెండరు అక్కర్లేదు తమ్ముడూ, కరెంటుంటే చాలు.” ఆమె పెద్దల్లుడి వైపు తిరిగింది. “మీరే చెప్పండి, నిన్న ఏం జరిగిందో. నేనూ వింటాను, ఇన్‌స్పెక్టరుగారి ఫోన్ కూడా వింటుంది. రికార్డు చెయ్ తమ్ముడూ, నీ సాక్షే కదా, భయమెందుకు?”

ఇస్త్రీ పళ్లు నూరుతూ ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాడు.

“చెప్పడానికేముందండీ,” అన్నాడు పెద్దల్లుడు. “మావయ్య మాస్క్ వేసి కుర్చీలోంచి లేచారు. వాళ్ల గొడవ అయ్యింది. నేను కూర్చున్నా. బల్బు వేసి రెండరు పెట్టా.”

“మాస్క్ వేశాకేనా పెట్టింది?”

“మరి? మాస్క్ లేకుండా ఎలా పెడతాను? సినిమా అంతా అయ్యాకేగా రెండరు.”

“ముక్కలు అతికించలేదా?”

“మావయ్య వద్దన్నాక అతికించడానికి నాకెన్ని గుండెలు? మొదట్నుంచి చివరిదాకా, ఒక్క ఊపులో. ఐదున్నర దాకా కుర్చీ దిగలేదు.”

“ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?”

“ఎర్ర బల్బు వెలుగుతుంటే ఎవరొస్తారు? మా ఆవిడ ఒంటిగంటన్నరకి టీ ఇచ్చి వెళ్లింది. ఆ తర్వాత పురుగు కూడా రాలేదు.”

“మాస్టారు కూడా?”

“మావయ్య కూడా.”

డిటెక్టివ్ అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. గదికి వెనక ఇంకో తలుపుంది. అది సన్నటి నడవలోకి తెరుచుకుంది. నడవకి ఒక పక్క కార్డుల గది, ఇంకో పక్క వెనక మెట్లు. ముందుగదిలో కూర్చున్నవాళ్లకి ఇదేదీ కనిపించదు.

కార్డుల గది నిండా చలి. గోడల పొడుగునా ఇనప అరలు, అరల్లో డబ్బాలు, డబ్బాల్లో కార్డులు. నేల మీద సుద్దగీత గీసి ఉంది. మనిషి తలుపు వైపు కాక అరల వైపు తల పెట్టి పడ్డాడు. అంటే లోపలున్న ఎవరి కోసమో వచ్చాడు. దెబ్బ కొట్టిన ఇనప స్టాండు అప్పటికే పోలీసుల సంచిలోకి వెళ్లింది.

“ఒంటి మీద ఏమున్నాయి?”

కానిస్టేబులు ఒక కవరు చూపించాడు. చేతి గడియారం, పెన్ను, నల్లతాడు కట్టిన కళ్లజోడు. కళ్లజోడు అద్దాలకి లేత పసుపు రంగు. ఒకటి పగిలింది.

“మొహానికే ఉందా ఇది?”

“అవునండి. పెట్టుకునే ఉన్నారు.”

డిటెక్టివ్ గట్టిగా పెద్దకూతుర్ని పిలిచింది. ముప్పై ఐదేళ్ల మనిషి, చెంగు మునివేళ్లకి చుట్టుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సుద్దగీత వంక చూడలేకపోయింది.

“మీ నాన్న ఈ కళ్లజోడుతో నడుస్తారా?”

“అయ్యో, లేదండి. అది స్క్రీను చూడ్డానికి మాత్రమే. అది పెట్టుకుని లేస్తే ఆయనకి కళ్లు తిరుగుతాయి. ఒకసారి అలాగే లేచి గుమ్మానికి కొట్టుకున్నారు కూడా. నేనే తాడు కట్టాను, తీసి మెడలో వేలాడేసుకుంటారని.”

“స్టూడియోలో స్క్రీన్లు ఎన్ని?”

“పెద్ద మెషీన్ ఒక్కటేనండి. పక్క గదిలో మైకు తప్ప ఏమీ లేదు.”

ఆ మాటకి అర్థమేమిటో పెద్దకూతురికి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన క్షణాన ఆమె చేతిలోంచి చెంగు జారిపోయింది.

“అంటే ఆయన వెనక తలుపులోంచి ఎర్ర బల్బు గదిలోకి వెళ్లారు,” అంది డిటెక్టివ్. “స్క్రీను ముందు కూర్చున్నారు. అక్కడ చూసిన దానికి కంగారుపడి కళ్లజోడు తియ్యడం కూడా మరిచిపోయి ఇటు పరిగెత్తారు. పురుగు కూడా రాని గదిలోకి మాస్టారు ఎలా వచ్చారండీ?”

పెద్దల్లుడు నీళ్లు నమిలాడు. “ఆయనకి మతిమరుపు. పొద్దున్నుంచి పెట్టుకునే తిరుగుతున్నారేమో…”

“సరే మేడమ్, కళ్లజోడు బాగుంది,” అన్నాడు ఇస్త్రీ. అయితే గొంతులో ఇందాకటి బిగువు లేదు. “కోర్టులో కళ్లజోడు నిలబడదు. కార్డు నిలబడుతుంది. తాళంచెవి నిలబడుతుంది. నాలుగైంది, ఇక నేను బయల్దేరాలి.”

ముందుగదిలోంచి సంగీతం వినిపించింది. నాన్న సినిమా కదా అని పెద్దకూతురు టీవీ పెట్టి ఉంచింది. సినిమా మొదలైంది.

“బయల్దేరు. కానీ ఒక్కటి చూసి వెళ్లు,” అంది డిటెక్టివ్. “పోయింది నర్సు కార్డు. సినిమాలో నర్సు ఎలా ఉందో నేను చూడాలి. ఛానల్‌కి పంపిన ఫైలు మెషీన్‌లో ఉందిగా?”

“మూడున్నర గంటల సినిమా ఇప్పుడు చూస్తూ కూర్చుంటారా?”

“నర్సు ఎక్కడొస్తుంది?” అని ఆమె చిన్నకూతుర్ని అడిగింది.

“అరగంటకి. రెండో ముక్క మొదట్లోనే.”

“రా. నువ్వే తీసి చూపించు.”

“ముద్దాయి మెషీన్ ముట్టుకోకూడదు!” ఇస్త్రీ అడ్డుపడ్డాడు.

“అయితే నువ్వు ముట్టుకో. నీకొచ్చా?”

లేడీ కానిస్టేబులు తానే చిన్నకూతుర్ని భుజం పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మెషీన్ లేవడానికి కాసేపు మొరాయించింది. చిన్నకూతురు ఫైలు తెరిచి సరిగ్గా అరగంట దగ్గరికి జరిపింది.

స్క్రీను మీద ఒక స్త్రీ. నలభై దాటిన వయసు, చెంప మీద కాలిన మచ్చ, సూటిగా చూసే కళ్లు. ప్రతి గీతా తెలుస్తోంది. “హెచ్చరికలు మూడుసార్లు నా చేత్తోనే తీసుకెళ్లిచ్చాను,” అంటోంది.

“మాస్క్!” చిన్నకూతురు కుర్చీలోంచి లేచిపోయింది. “మాస్క్ ఏదీ? నాన్న నా ముందే వేశారు! నేను చూశాను!”

గబగబా ఎడిటింగ్ చేసిన అసలు ప్రాజెక్టు తెరిచి అదే చోటు చూపించింది. అందులో నర్సు ముఖం మసకగా ఉంది, కళ్లూ మచ్చా ఏవీ తెలియడం లేదు. ప్రాజెక్టులో మాస్క్ ఉంది. పంపిన ఫైల్లో లేదు.

“ముక్కలు చూడు,” అంది డిటెక్టివ్. ఆమె చూపు మాత్రం పెద్దల్లుడి మీదే ఉంది.

“లేవు… ఏడు ముక్కలూ చెరిపేశారు. మొన్న సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాయి.” చిన్నకూతురు మెల్లగా వెనక్కి తిరిగింది. “బావా, నువ్వు అతికించావు.”

పెద్దల్లుడు వెనక తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

“ఇప్పుడు నవ్వు తమ్ముడూ,” అంది డిటెక్టివ్. “ఒంటిగంటకి మొత్తం సినిమా ఒక్క ఊపులో రెండరు పెట్టి ఉంటే మాస్క్ వచ్చి తీరాలి. మాస్క్ వేశాకే పెట్టానని ఇతనే నీ ఫోన్‌కి చెప్పాడు. రాలేదంటే రెండరు జరగనే లేదు. పాత ముక్కలు అరగంటలో అతికించి పంపాడు. ఈ ఇంటి రూలు ఇతనికి తెలుసు, మార్చినవాళ్లు పాత ముక్క చెరిపి కొత్తది పెడతారని. ఏడు ముక్కలూ కనిపించేసరికి, ఆ కంగారులో రెండోది కొత్తదే అనుకున్నాడు. కానీ మార్చింది మాస్టారు. ఆయన ముక్కల జోలికే పోరు. పాతది అక్కడే ఉండిపోయింది. అతికించాక ముక్కలన్నీ చెరిపేశాడు, ఎవరైనా పరీక్ష పెడితే నాలుగున్నర గంటలు రావాలి కదా. నీ నిపుణుడు ఇతనికి కావలసిన లెక్కే తెచ్చిచ్చాడు.”

ఇస్త్రీ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. తర్వాత మెల్లగా నడిచి వెళ్లి వెనక తలుపుకి అడ్డంగా నిలుచున్నాడు. చొక్కా గోడకి రాసుకుని నలిగింది. అతను పట్టించుకోలేదు.

“ఒంటిగంటన్నర నుంచి ఐదింటి దాకా ఎక్కడున్నావు?” అని ఈసారి అతనే అడిగాడు.

“పనుండి… కిందికి…”

“ఇందాక కుర్చీ దిగలేదన్నావు!”

“ఏమండీ.”

పెద్దకూతురు భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

“నిన్న రాత్రి చెల్లెలి సంచి పోలీసులకి మీరే చూపించారు. నేను డిటెక్టివ్‌ని పిలుస్తానంటే ఇంటి పరువు బజారున పెడతావా అన్నారు. బల్బు వెలుగుతోందని నా చేత సాక్ష్యం చెప్పించారు. నేను బల్బుని చూసి మిమ్మల్ని చూశాననుకున్నా. నా మొహం చూసి చెప్పండి, నాన్నని మీరే కొట్టారా?”

“కొట్టాలని కాదు,” అన్నాడు పెద్దల్లుడు నేల చూస్తూ. “డబ్బుకి ఆశపడి కార్డు కాపీ చేసి ఫ్యాక్టరీ వాళ్ల మనిషికిచ్చి వచ్చా. తిరిగి అరలో పెడుతుంటే వెనక మావయ్య. బల్బు వెలుగుతోంది, మెషీన్ మీద రెండరు లేదేంరా, ఎక్కడికెళ్లావ్ అని అరుస్తూ వచ్చారు. చేతిలో కార్డు చూశారు. కాలరు పట్టుకున్నారు… భయమేసింది.”

“భయమేస్తే పారిపోతారు. నా చెల్లెలి సంచిలో కార్డు పెట్టరు,” అంది పెద్దకూతురు. “తీసుకెళ్లండి సార్. నా సాక్ష్యం మార్చి రాసుకోండి. ఎక్కడికైనా వచ్చి చెప్తా.”

చిన్నకూతురు పరుగున వచ్చి అక్కని చుట్టేసుకుంది. డిటెక్టివ్‌కి మాత్రం వాళ్లని చూస్తూ నిలబడే తీరిక లేదు. ఆమె పెద్దల్లుడి వైపు తిరిగింది.

“నర్సు ముఖం ఫ్యాక్టరీ వాళ్లకి ఎప్పుడిచ్చావు?”

“నిన్న… రెండున్నరకి.”

“ఆమె ఎక్కడుంటుందో కూడా చెప్పావా?”

అతను మెల్లగా తలూపాడు.

“అక్కా,” అన్నాడు ఇస్త్రీ. ఇన్నేళ్లకి మళ్లీ ఆ పిలుపు వచ్చింది. “ఎక్కడో చెప్పండి, జీపు తీయిస్తా.”

చిన్నకూతురు నర్సు నంబరు కలిపి ఇచ్చింది. పెద్దకూతురు అప్పటికే ముందుగదిలోకి పరిగెత్తి ఛానల్‌కి ఫోన్ చేసింది. “ఆపెయ్యండి, పొరపాటు ఫైలు వచ్చింది, ఒక ముఖం కనపడకూడదు!” అని అవతలివాళ్లతో అరుస్తోంది. ఆమె ఎదురుగా టీవీలో సినిమా నడుస్తూనే ఉంది. నాలుగుంపావు.

నర్సు చాలాసేపటికి ఫోనెత్తింది. డిటెక్టివ్ తాను ఎవరో, ఏం జరిగిందో పొట్టిగా చెప్పింది. కార్డు చేతులు మారిన సంగతి, ఫైల్లో మాస్క్ లేని సంగతి, రెండూ దాచలేదు.

“నిన్న సాయంత్రం నుంచి మా ఇంటి ముందు కారుంది,” అంది నర్సు గొంతు తగ్గించి. “ఎందుకా అనుకున్నా. ఇప్పుడు అర్థమైంది.”

“తలుపులు వేసుకోండి. పోలీసులు బయల్దేరుతున్నారు. సినిమా ఆపిస్తున్నాం, ఛానల్ వాళ్లు ఫోన్‌లోనే ఉన్నారు. మీరు భయపడకండి.”

“ఎందుకు ఆపడం?”

“ఏమన్నారు?” అంది డిటెక్టివ్.

“మాస్క్ ఎందుకడిగానమ్మా నేను? వాళ్లకి తెలియకూడదనే కదా. వాళ్లకి తెలిసిపోయింది. ఇంక ఎవరి దగ్గర దాచమంటారు నా మొహం? నేనెవరో ఎవరికీ తెలియకపోతే, రేపు నేను కనపడకపోయినా అడిగే దిక్కుండదు. అందరూ చూడనీ. ఈ మచ్చ ఎలా వచ్చిందో అందరూ విననీ. ఆపడానికి నేను ఒప్పుకోను.”

“ఒకసారి బయటికొస్తే వెనక్కి తీసుకోలేం. ఆలోచించుకున్నారా?”

“ఫ్యాక్టరీలో కాలిపోయినవాళ్లకి కట్లు కట్టినదాన్నమ్మా. ఆలోచించడం అప్పుడే అయిపోయింది.”

డిటెక్టివ్ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ముందుగదిలోకి వచ్చింది. పెద్దకూతురు చేతిలో రిసీవరుతో ఆమె వంక చూసింది. అవతల ఛానల్ మనిషి ఆపాలా వద్దా అని గొంతు చించుకుంటున్నాడు.

“ఆపొద్దన్నారు,” అంది డిటెక్టివ్. “ఉన్నది ఉన్నట్టు రానివ్వమన్నారు. ముఖంతో.”

పెద్దకూతురు కళ్లు తుడుచుకుని రిసీవరులోకి, “నడవనివ్వండి. మా స్టూడియో మాట ఇది,” అని పెట్టేసింది.

కింద జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. డిటెక్టివ్ మెట్ల వైపు రెండడుగులు వేసిందో లేదో ఫోన్లో తలుపు కొట్టిన శబ్దం. ఒకసారి. మళ్లీ, ఇంకా గట్టిగా. ఎవరో మగగొంతుతో పిలుస్తున్నారు.

“మీరు పోలీసుల్ని పంపారా?” అంది నర్సు.

“లేదు. మేమింకా బయల్దేరలేదు. తలుపు తియ్యొద్దు!”

అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు, గడియ వేసిన చప్పుడు, ఆ తర్వాత ఇంకేదో బరువైనది తలుపుకి అడ్డం జరిపిన చప్పుడు వరసగా వినిపించాయి. ఆ వెనకే టీవీ శబ్దం. ముందుగదిలో నడుస్తున్న సినిమాయే అక్కడా నడుస్తోంది.

“నేను ఎప్పుడు కనపడతాను?” అని అడిగింది నర్సు.

“ఇంకో పది నిమిషాల్లో.”

“అయితే పది నిమిషాలు ఈ తలుపు నేను చూసుకుంటా,” అంది ఆమె. “ఆ తర్వాత వీళ్లు ఏం చేసినా, ఎవర్ని చేశారో అందరికీ తెలిసి ఉంటుంది. మీరు త్వరగా రండి.”